పేరు వినపడాలి

"చావు సీన్లో వాన కురిపిచ్చే డైరెక్టరుకు ఏడుపు మీద నమ్మకం లేదని అర్తం," అంది మహేశ్వరిప్రియ. పరోటా ముక్కను సాల్నా పులుసులో ముంచి, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి అలాగే గాలిలో పట్టుకుని ఉంది.

కర్పగం ఆ ముక్కనే చూస్తోంది. "తినేసి తిట్టు పిల్లా. సాల్నా కారి మోచేతికి వచ్చె."

శుక్రవారం మధ్యాహ్నం. విరుదునగర్ బస్టాండు వెనక పరోటా కొట్టు. పెనం మధ్య గుంటలో మరిగే నూనెలో పరోటాలు ఎర్రగా కాలుతున్నాయి. ఇద్దరూ కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ మూడో ఏడు. కర్పగం వాళ్ళది అరుప్పుకోట్టలో మగ్గాల ఇల్లు. ప్రియ వాళ్ళది కోవిల్‌పట్టికి పడమరగా, నల్లరేగడి మధ్య నలభై గడపల ఊరు. ఇద్దరిళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు. రాయడం, చదవడం ఇద్దరికీ రాదు. క్లాసులో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు, పక్క బెంచీవాళ్ళకు అర్థం కాకూడని మాటలకు మాత్రం తెలుగు.

"నిన్న చూసిన పడంలో నేను మూడుసార్లు ఏడిస్తిని," అంది కర్పగం. "నువ్వు?"

"లెక్క పెడతా ఉంటిని. ఆయమ్మ సచ్చేదానికి పదకొండు షాట్లు. అందులో ఏడు క్లోజప్పులు. వయలిన్ మొదటి షాటులోనే వచ్చేసె. మనకంటే ముందు వాళ్ళే ఏడ్చేస్తే మనకేం మిగలతుంది?"

"నీకు నచ్చే పడం ఎట్లుంటుందో నాకు తెలుసు. అందులో ఒకరూ నవ్వరు, ఒకరూ ఏడవరు. ఒక ముసలాయన గోడకు ఆనుకోని కూర్చోనుంటాడు. అరగంటకు ఆ గోడ కూడా తాళలేక లేసి పోతుంది."

కొట్టువాడికి ఆ మాటలు అర్థం కాలేదు గాని, కర్పగం నవ్వే నవ్వుకు వాడూ నవ్వాడు. ప్రియకు నవ్వు రాలేదు. కర్పగం చెప్పింది నిజమే కదా అనుకుంది. ఆమె సంచిలో ఒక పొడుగు నోటు పుస్తకం ఉంది. చూసిన ప్రతి సినిమా గురించీ అందులో రాస్తుంది. ముసలివాళ్ళ ముడతలు చూపించి జాలి పుట్టించడం సోమరితనం. పాట వచ్చినప్పుడు బయటికి పోయి టీ తాగేవాళ్ళే సినిమాను గౌరవించేవాళ్ళు. దుఃఖం ముఖంలో ఉండదు, చేతుల్లో ఉంటుంది. ఈ ఆఖరి మాట ఆమెకు ఏ సినిమా నుంచీ రాలేదు. పద్నాలుగో ఏట, తల్లి శవం పక్కన కూర్చున్నప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేకపోయింది. నేలను చరుస్తున్న అవ్వ చేతుల్ని మాత్రమే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. దాన్ని గురించి నోటు పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఫోను మోగింది. రాఘవేంద్రన్. కోవిల్‌పట్టి చుట్టుపక్కల షూటింగ్ జరుపుకుంటున్న ఒక సినిమాకు అసోసియేట్ డైరెక్టరు. మూడు వారాల కిందట ఈ ప్రాంతపు యాస దిద్దిపెట్టే మనిషి కోసం కాలేజీకి వచ్చి, అందరిలోకీ ఎక్కువగా తప్పులు పట్టిన ప్రియను ఎంచుకున్నాడు.

"ఆదివారం ఒప్పారి సీన్ తీస్తున్నాం," అన్నాడు మద్రాసు తమిళంలో. "శవం చుట్టూ కూర్చుని పాడే ఆ ఏడుపు పాట నిజంగా పాడగలిగిన ముసలమ్మే కావాలి, నటులు వద్దు అంటున్నారు డైరెక్టర్ గారు. మీ అవ్వ పాడుతుందని చెప్పావు కదా?"

"పాడుతుంది సార్."

"అయితే ఆ సీన్ నీ బాధ్యత. బాగా వస్తే నిన్ను మద్రాసు ఆఫీసుకు రమ్మంటానని ఆయన నోటితోనే అన్నారు. అసిస్టెంటుగా. అర్థమైందా? శంకరలింగం చావే ఈ సినిమాకు గుండెకాయ."

ఫోను పెట్టేశాక ప్రియ పరోటా ముక్కను నోట్లో పెట్టుకుంది. చల్లారిపోయింది. అసిస్టెంటుగా, మద్రాసు. రెండు మాటల్నీ లోపల రెండుసార్లు చెప్పుకుని, సంతోషం వస్తుందేమోనని చూసింది. బస్సు కోసం చూసినట్టు.

"ఏందంట?" అంది కర్పగం.

ప్రియ చెప్పింది. కర్పగం ముఖం వెలిగి, మరుక్షణం ఆగిపోయింది. "శంకరలింగమా? అది మీ నైనా పేరు గదా?"

"నేనే ఇస్తిని. ఈ మట్టి వాసన కొట్టే పేరు ఒకటి సెప్పమనిరి. నోటికి వచ్చింది సెప్తిని."

"నోటికి అదే వచ్చెనా? ఊర్లో మాడసామి లేడా, మూకయ్య లేడా?" కర్పగం గొంతు తగ్గించింది, చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోయినా. "ప్రియా, అట్లయితే మీ అవ్వ మీ నైనాకు ఒప్పారి పాడాలా? బతికుండే కొడుక్కా?"

ప్రియ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. తెరమీద ఒక పెద్ద నటుడి నోట తండ్రి పేరు వినాలని తోచింది, అంతే. అంతేనా? చచ్చిపోయే మనిషికే ఆ పేరు ఇవ్వాలని తనలో ఎవరికి తోచింది? కాలేజీలో సైకాలజీ మేడం ఒకసారి అంది, నోరు జారడం అనేది లేదు, మనకు తెలియకుండా మనం చేసుకున్న నిర్ణయమే అది అని. అప్పుడు ప్రియ ఆ మాటను ఒక సినిమాకు పనికొస్తుందని రాసుకుంది.

*

శనివారం పొద్దున ఊళ్ళో ఆమె ఇంటి మేడెక్కి రాఘవేంద్రన్‌కు ఫోను చేసింది. పేరు మార్చగలరా అని అడిగింది. కారణం చెప్పింది.

ఆయన విసుగు లేకుండానే, "నలభై షాట్లలో ఆ పేరు పలికేశారమ్మా. సంతాపం పోస్టర్లు కూడా అచ్చయి గోడలకెక్కాయి," అన్నాడు. "మీ అవ్వకు ఇబ్బంది అయితే చెప్పు. ఎట్టయపురం వైపు పాడే బృందం ఒకటి ఉంది, వాళ్ళను పిలుస్తాను. నువ్వు శ్రమ పడి రావక్కర్లేదు."

"వద్దు సార్. అవ్వ పాడుతుంది."

కింద వాకిట్లో అవ్వ రాక్కమ్మాళ్ వేయించిన వేరుశనగ ముందు కూర్చుని ఉంది. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసేవాళ్ళ దగ్గర్నుంచి మూట తెచ్చుకుని, పొట్టు తీసి, బద్దలు చేసి ఇస్తుంది. రెండు అరచేతుల మధ్య గింజలు నలిపి, చేటలోకి జార్చి, చేటను ఒక్క ఎగురు ఎగరేస్తే ఎర్రటి పొట్టు గాలికి పోయి వాకిలంతా పరుచుకుంటుంది. మాడిన గింజను చూడకుండానే వేలితో పట్టి పక్కకు వేస్తుంది. ప్రియ ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తీసుకుంది.

"అవ్వా, రేపు షూటింగులో ఒప్పారి పాడతావా?"

"సచ్చినోళ్ళు ఎవురు?"

"ఎవురూ లేరు. ఒకాయన సచ్చినట్టు పండుకుంటాడు."

"ఊపిరి పీలస్తాడా?"

"ఆమా. మెల్లగా."

అవ్వ నవ్వింది. ముందరి పళ్ళు రెండే. "ఊపిరి ఉండేవానికి ఒప్పారి. బాగుంది మీ సినిమా. పాడకుంటే ఏమవుతుంది?"

"నన్ను మద్రాసుకు రమ్మనరు."

అవ్వ చేట ఎగరేయడం ఆపింది. మనవరాలి ముఖం చూసింది. ప్రియకు ఆ చూపు ముందు తన ముఖం ఎలా ఉందో తెలియలేదు. ఏమీ లేకుండా ఉండి ఉంటుంది.

"సరి. పేరేంది?"

"ఎవురిది?"

"సచ్చేవానిది. పేరు లేకుండా ఒప్పారి పాడకూడదు పిల్లా. పేరు లేని ఏడుపు దారి తెలీక ఏదో ఒక ఇంట్లో దూరిపోతుంది. ఎవురికి ఏడస్తా ఉండామో సెప్పి ఏడవాల."

"ఇంకా పెట్టలేదు అవ్వా. రేపు సెప్తారు."

అబద్ధం సులువుగా వచ్చింది. గొంతు కూడా మారలేదు. అవ్వ మళ్ళీ చేట ఎత్తింది. పొట్టు ప్రియ ఒళ్ళో పడింది.

*

ఆదివారం పొద్దున తొమ్మిదికి వాళ్ళిద్దరూ పక్క ఊరికి నడిచిపోయారు. అందరూ కోవిల్‌పట్టికి వలసపోయాక ఖాళీగా ఉన్న ఒక ఇల్లు, ముందు అరుగు, మట్టి వాకిలి. గోడమీద సంతాపం పోస్టరు. నటుడి ఫోటో, పైన పేరు. అవ్వకు అక్షరాలు రావు. ఫోటో చూసి, "మంచి మొకమే, పాపం," అంది.

ఊరి ఆడవాళ్ళు పదిహేనుమంది వాకిట్లో కూర్చున్నారు. జుట్టు విప్పుకోమంటే ఒకామె సిగ్గుపడుతోంది. మారిసెల్వి అనే ఆమె అందర్నీ అదిలిస్తోంది. "పళ్ళు మూసుకోండే. ఇది సచ్చిన ఇల్లు. నవ్వేవాళ్ళకు బిర్యానీ లేదంట." దానికి ఇంకా నవ్వారు.

ప్రియ వైర్లు దాటుకుంటూ అటూ ఇటూ తిరిగింది. శవం తల దగ్గర దీపం ఏ వైపు ఉండాలో చెప్పింది. నెత్తిన గుడ్డ ఇలా కట్టరు, దవడ కిందుగా కడతారు అని కట్టి చూపించింది. డైరెక్టరు దూరం నుంచి గమనించి తల ఊపాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఎవరినీ కేకలేయడు. కెమెరా వాకిలి మూల నుంచి, నేలకు దగ్గరగా పెట్టించాడు. ప్రియకు అది సరైన చోటు అనిపించింది. తానైనా అక్కడే పెట్టేది.

"అంతా రెడీయేనా?" అరిచాడు రాఘవేంద్రన్ ఇంటి వెనక్కి తిరిగి. "శంకరలింగాన్ని తెచ్చి పడుకోబెట్టండి!"

ఒప్పారికి అవ్వ కొంగు సర్దుకుంటోంది. ఆ చెయ్యి ఆగిపోయింది.

"మీ కొడుకు పేరు గదా అత్తా!" అంది మారిసెల్వి పెద్దగా, ఏదో వింత చూసినట్టు. "పడంలో పెట్టేసినారు సూడు!"

పంచె కట్టిన నటుడు నడిచి వచ్చి, ఆకులు పరిచిన బల్లమీద పడుకుని, కాళ్ళ బొటనవేళ్ళు కట్టించుకున్నాడు. అవ్వ ఆయన్ని చూడలేదు. ప్రియను చూసింది.

"పేరు ఎవురు సెప్పిరి?"

"నేనే."

ఇంకేమైనా అంటుందని ప్రియ ఎదురుచూసింది. లేచి వెళ్ళిపోతుందనీ అనుకుంది. వెళ్ళిపోతే మంచిదని ఒక పక్క, వెళ్ళకూడదని ఒక పక్క. రెండూ ఎక్కడో దూరంగా, ఇంకెవరికో జరుగుతున్నట్టు. అవ్వ శవం తల దగ్గరికి పోయి కూర్చుంది. నటుడి ముక్కుమీద ఈగ వాలింది. "కదలొద్దు సామీ, నేను తోలతాను," అని కొంగుతో తోలింది.

మొదటి టేకు. ఆడవాళ్ళు ఒకరి భుజాలమీద ఒకరు చేతులు వేసుకుని ఊగారు. అవ్వ గొంతు ఎత్తింది.

"తెల్లారి బండికి పోతివే అయ్యా
పొద్దుగూకే బండికి రాకుంటివే
నల్లరేగడి తడవక ముందే
నా కొంగు తడిపి పోతివే..."

ప్రియకు ఆ వరుస తెలుసు. ఏడేళ్ళ కిందట తన తల్లికి పాడిందే. అప్పుడు అది 'అమ్మా'. అవ్వ పాత ఏడుపును పెట్టెలోంచి తీసి, విదిలించి, ఇక్కడ పరుస్తోంది. జూనియర్ ఆర్టిస్టుగా వచ్చిన ఒకామెకు నిజంగానే కన్నీళ్ళు కారాయి.

కట్ చెప్పాక డైరెక్టరు ప్రియ వైపు తిరిగాడు. "ఇది తమిళం కాదు కదా?"

"తెలుగు సార్. మా ఇంటి తెలుగు. ఒప్పారి వేరే భాషలో ఆమెకు రాదు."

"పరవాలేదు. ఈ గొంతే ఉంచుదాం. కాని పేరు? ఎవరి కోసం ఏడుస్తోందో సినిమా చూసేవాడికి తెలియాలి. పేరు వినపడాలి."

రెండో టేకులో కూడా అవ్వ 'అయ్యా' అనే పాడింది. పేరు వచ్చే చోట గొంతు దించి, నేలను చరిచి, దాటిపోయింది. ఏట్లో రాయిని చూసి కాలు పక్కకు వేసినట్టు. రాఘవేంద్రన్ వచ్చి ప్రియ చెవిలో, "ఎండ మారిపోతోంది. నువ్వే చెప్పు," అన్నాడు.

ప్రియ ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ పోయి అవ్వ పక్కన గొంతుక్కూర్చుంది. దగ్గరగా చూస్తే అవ్వ పెదవుల మీద తెల్లగా పొర కట్టింది. నీళ్ళు ఇవ్వాలని తోచింది, ఇవ్వలేదు.

"పేరు పెట్టి పిలువు అవ్వా. పేరు వినపడాలంట."

"వాళ్ళు అడగతా ఉండారా, నువ్వు అడగతా ఉండావా?"

వాళ్ళు అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. డైరెక్టరు అడుగుతున్నాడు, ఎండ అడుగుతోంది, అచ్చయిన పోస్టర్లు అడుగుతున్నాయి. బల్లమీద శవం కళ్ళు మూసుకునే వింటోంది.

"నేనే అడగతా ఉండాను."

అవ్వ తల ఊపింది, ఏదో ధర చెబితే ఒప్పుకున్నట్టు. "లేసి పో. నువ్వు ఈడ కూర్చోవద్దు."

మూడో టేకు. అవ్వ చాలాసేపు నోరు తెరవలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది, ఎవరూ కదల్లేదు. తర్వాత వచ్చిన గొంతు ముందు రెండుసార్లు వచ్చింది కాదు. సన్నగా, చంటిపిల్లను నిద్ర లేపుతున్నట్టు మొదలైంది.

"పొత్తిళ్ళలో నిన్ను పిలిచిన పేరు
పాడె ముందర పిలిపిస్తివే
శంకరలింగం... నా అయ్యా శంకరలింగం
పలకవేమిరా శంకరలింగం..."

ఆడవాళ్ళ ఊగడం ఆగిపోయింది. మారిసెల్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ చేతులు నేలను చరచలేదు. ఒళ్ళో, అరచేతులు పైకి, అలా పడి ఉన్నాయి. కెమెరా చక్రాల మీద ఒక జానెడు ముందుకు జరిగింది. ముందుకు జరపకుండా ఉండాల్సింది అనుకుంది ప్రియ. దూరంగానే ఉండనివ్వాల్సింది. ఆ ఆలోచన వచ్చాక, ఆ సమయంలో తనకు వచ్చిన ఆలోచన అదొక్కటేనని గమనించింది. నాలుక పన్ను పోయిన చోటును తడిమినట్టు లోపలంతా తడిమి చూసుకుంది. ఇంకేమీ లేదు.

డైరెక్టరు ఓకే అనలేదు, చెయ్యి ఎత్తాడంతే. లేచి వచ్చి అవ్వ ముందు వంగి దణ్ణం పెట్టాడు. వెళ్తూ ప్రియతో, "ఒకటో తేదీన ఆఫీసుకు వచ్చెయ్యి," అన్నాడు.

*

ఊరి పొలిమేరలో ఉన్న పంపుసెట్టు దగ్గర అవ్వ ఆగింది. చావింటి నుంచి వచ్చేవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకుండా గడప దాటరు.

"పొయ్యి," అంది, తొట్టి పక్కన కూర్చుని.

ప్రియ బిందెతో పోసింది. నెరిసిన వెంట్రుకలు పుర్రెకు అంటుకుపోయి, అవ్వ తల చాలా చిన్నదిగా కనబడింది.

"నువ్వూ పోసుకో."

"నేను ఏడవలేదు గదా అవ్వా."

"అందుకే పోసుకో."

ఇంటి ముందు రాతిమీద ఇద్దరూ తడి జుట్లతో కూర్చున్నారు. అయిదున్నర బస్సుకు శంకరలింగం వచ్చాడు. ఆలంగుళం సున్నపురాయి క్వారీలో, రాయిని పిండి చేసే క్రషర్ దగ్గర పని. కనుబొమ్మల్లో, చెవుల మీద తెల్లటి పొడి. ప్రియతో ఆయన మాట్లాడే మాటలు తక్కువ. బి.కాం. వదిలి ఈ చదువులో చేరినప్పటి నుంచి ఇంకా తక్కువ. తడి జుట్లు చూసి, చావు ఏ ఊళ్ళో అని, అందరూ అడిగినట్టే ముందు అదే అడిగాడు.

"యావూరు?"

అవ్వ పలకలేదు. "షూటింగు, నైనా," అంది ప్రియ.

"ఓ, అదా." ఆయన చెప్పులు విడిచి అరుగుమీద కూర్చున్నాడు. "పొద్దున బస్సు ఎక్కేతావునే పోస్టరు చూస్తిని. వెళ్ళైసామి టీ కొట్లో అందరూ నన్ను తాకి తాకి సూసిరి. 'ఏం శంకరలింగం, సచ్చినంక కూడా చక్కెర తక్కువేనా?' అని అడిగె వాడు."

ప్రియ కోపం కోసం ఆగింది. రాలేదు.

"అరవై ఎనిమిది యేండ్లంట నాకు," అన్నాడు. "పేరు మాత్రం పెద్దగా ఏసినారు. నా పెండ్లి పత్రికలో కూడా అంత పెద్దగా ఎయ్యలేదు."

"పేరు నేనే సెప్తిని నైనా."

"ఇంకెవురు సెప్తారు." ఆయన కనుబొమ్మలు తుడుచుకున్నాడు. "వాడెట్లా సచ్చినాడు?"

ప్రియ చెప్పింది. మిరప తోట వేసిన ముసలి రైతు, మాటలు మానేసిన ఇద్దరు కొడుకులు, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోవడం, ఆయన కోసం ఇద్దరూ వచ్చి వాకిట్లో చెరొక మూల నిలబడటం. తండ్రికి ఒక సినిమా కథ చెప్పడం ఆమెకు అదే మొదలు. ఎక్కడెక్కడ తనకు నచ్చలేదో కూడా చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మంచోడేనా?"

"ఆమా. మంచోడే."

"మా అమ్మ బాగా పాడెనా?"

అవ్వ లేచి లోపలికి పోయింది.

"సచ్చినోడికి అది వినే బాగ్యం ఉండదు," అన్నాడు శంకరలింగం రాతిమీద ఖాళీ అయిన చోటును చూస్తూ. "నాకు ఉండె. డ్యూటీకి పోతిని."

మద్రాసు సంగతి చెప్పింది. ఆయన కొంతసేపు ఆలోచించి, "సరి, పో. యాడ ఉంటావు? తిండి?" అన్నాడు. ఏళ్ళ తరబడి ఏ మాటలతో అడగాలా అని ఆమె సిద్ధం చేసుకున్నవన్నీ అక్కర లేకుండా పోయాయి. మూసి ఉందనుకుని భుజంతో తోసిన తలుపు తెరిచే ఉన్నట్టు. మళ్ళీ సంతోషం కోసం చూసింది.

దీపం పెట్టే వేళ అవ్వ వంటింట్లోంచి, "పిల్లా, మీ నైనాను తినేదానికి రమ్మను," అంది. ఆయన నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. తిన్నాక, "మజ్జిగ కావాల్నా అడుగు," అంది, గరిటె చేత్తో పట్టుకుని, ఆయన ఎదురుగానే నిలబడి. శంకరలింగం తల్లి వైపు చూశాడు. "కావాలమ్మా," అన్నాడు. ఆమె పోసింది. కంచం నుంచి చూపు ఎత్తలేదు.

*

సోమవారం పొద్దున ఆరింటికి రాఘవేంద్రన్ ఫోను.

"చిన్న చిక్కు. పేరు పలికిన చోట మైకులో గాలి కొట్టింది. బొమ్మ అద్భుతంగా ఉంది, గొంతు మాత్రం మళ్ళీ కావాలి. సౌండ్ అతను ఎనిమిదింటికి మీ ఇంటికి వస్తాడు. పేరుతో ఉన్న ఆ రెండు వరుసలు చాలు. అయిదు నిమిషాల పని."

"సరి సార్," అంది ప్రియ. అలవాటుగా వచ్చింది.

అవ్వ పొయ్యి ముందు క్యారియరు గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కమ్మీ బిగిస్తోంది. ఎలా అడగాలి అని ప్రియ తలుపు దగ్గర నిలబడి చూసింది. నువ్వు అడుగుతున్నావా, వాళ్ళు అడుగుతున్నారా అని ఈసారి అడగదు. తెలుసు కదా.

బయట శంకరలింగం అప్పుడే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆరూ నలభై బస్సు దుమ్ము దూరంగా కనబడుతోంది. అవ్వ క్యారియరుతో గడపలోకి వచ్చి, ఆయన అది తీసుకోకుండానే పోయాడని అప్పుడు గమనించింది. ఇది వారానికి రెండుసార్లైనా జరిగేదే. అప్పుడల్లా ఆమె గడపలో నిలబడి పేరు పెట్టి ఒక్క కేక వేస్తుంది. ఆ కేక విని వీధి చివర కుక్క లేస్తుంది, పక్కింటివాళ్ళు టైము ఆరూ ముప్పై అయిదు అనుకుంటారు, ఆయన తిరిగి వస్తాడు.

అవ్వ నోరు తెరిచింది. మెడ నరాలు సాగాయి. శబ్దం రాలేదు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. క్యారియరు కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అటు మగవాళ్ళు బస్సు ఆగే చోట గుంపుగా కదిలారు.

అవ్వ నోరు మూసుకుంది. ప్రియ వైపు తిరగలేదు. క్యారియరును మెల్లగా గడపమీద పెట్టింది.

ప్రియ దాన్ని అందుకుని పరుగెత్తింది. సాంబారు గిన్నె మూత ఊడి చెయ్యి కాలింది. బస్సు వచ్చి ఆగింది. ఎక్కుతున్నవాళ్ళలో ఆయన వీపు, పాత నీలం చొక్కా.

"నైనా!"

నలుగురు మగవాళ్ళు తిరిగి చూశారు. ఆ ఊళ్ళో అందరూ ఎవరో ఒకరికి నైనాలే. ఆయన తిరగలేదు. క్రషర్ మోతలో ఇరవై ఏళ్ళు పనిచేసిన చెవులు. ఒక కాలు మెట్టుమీద పెట్టాడు.

"నైనా! ఓ నైనా!"

కండక్టరు విజిలు వేశాడు. తండ్రి పేరు ఆమె ఫారాల్లో రాసింది. ఫోనులో ఇంకొకరికి చెప్పింది. నోటితో పిలవడం పుట్టి ఎరగదు. ఆ ఇళ్ళలో తండ్రిని ఎవరూ అలా పిలవరు.

"శంకరలింగం!"

గొంతు తనది కాదన్నట్టు వచ్చింది. పగిలి, ఎత్తుగా. "శంకరలింగం!"

బస్సులో మాటలు ఆగాయి. కిటికీలోంచి ఎవరో ముసలాయన, "అడి పావీ," అని తమిళంలో తిట్టాడు. మెట్టుమీది మనిషి తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. పిలిస్తే తిరిగిన మనిషి ముఖం, అంతే. దిగి నాలుగు అడుగులు వచ్చి క్యారియరు తీసుకున్నాడు. కాలిన ఆమె వేళ్ళు చూసి, "నూనె రాసుకో," అన్నాడు. బస్సు ఆయన్ని ఎక్కించుకుని పోయింది.

ప్రియ రోడ్డుమీదే నిలబడింది. ఊపిరి ఆడటం లేదు. పరుగుకే అనుకుంది మొదట. ముఖం తుడుచుకుంటే చెయ్యి తడిసింది. ఎప్పటినుంచి కారుతున్నాయో తెలియదు.

ఫోను తీసి రాఘవేంద్రన్‌కు చేసింది. "సౌండ్ ఆయన్ని పంపొద్దు సార్. అవ్వ పాడదు."

"నువ్వు అడిగావా?"

"లేదు సార్. అడగను."

అటువైపు ఎవరో మెగాఫోనులో ఏదో చెబుతున్నారు. "డైరెక్టర్ గారికి ఏం చెప్పమంటావు?" అన్నాడు ఆయన. "ఒకటో తేదీ మాట కూడా అడుగుతారు."

"నేను అడగనన్నానని సెప్పండి," అంది. తమిళంలో మాట్లాడుతున్నాననుకుని తెలుగులో అనేసింది. మళ్ళీ తమిళంలో చెప్పింది. ఆయన ఫోను పెట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గడపలోనే ఉంది, వదిలిపోయిన చోటే. కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంటోంది, తడేమీ లేకపోయినా.

"తిరిగినాడా?" అంది.

"తిరిగినాడు అవ్వా."

అవ్వ లోపలికి పోయి వేరుశనగ మూట విప్పింది.